సరఫరాదారు నమోదు సహాయకం: శిడ్లఘట్ట పట్టు వ్యాపారం ఆధారంగా

నిర్వచనం, పరిధి

సరఫరాదారు నమోదు సహాయకం అంటే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో కొత్త సరఫరాదారు ఖాతా తెరవడానికి తోడ్పడే కృత్రిమ మేధ (ఏఐ) సాధనం. బిల్లు ఫొటో, వాట్సాప్‌లో వచ్చిన విజిటింగ్ కార్డు, ఎక్సెల్ జాబితా, గుమాస్తా టైపు చేసిన ఒక్క వాక్యం, వీటిలో ఏది ఇచ్చినా అందులోంచి పేరు, చిరునామా, పన్ను నంబర్లు, బ్యాంకు ఖాతా, చెల్లింపు గడువు ఏరి సాఫ్ట్‌వేర్ అడిగే గళ్లలో నింపుతుంది. ఆ సరఫరాదారు అప్పటికే పుస్తకాల్లో ఉన్నాడేమో వెతుకుతుంది. వివరాలు పొసగకపోతే అడుగుతుంది, అనుమతి వచ్చాక ఖాతా తెరుస్తుంది. టాలీ లెక్కల సాఫ్ట్‌వేర్ వాడేవారికి ఇది ‘సండ్రీ క్రెడిటర్స్’ కింద లెడ్జర్ తెరిచే పని. పెద్ద సంస్థల్లో దీన్ని వెండర్ మాస్టర్ నిర్వహణ అంటారు. కొనుగోలు ఆర్డర్లు, బిల్లుల నమోదు, చెల్లింపులు దీని తర్వాతి దశలు. అవి ఈ వ్యాసం పరిధిలోకి రావు.

ఈ వ్యాసం కర్ణాటకలోని చిక్కబళ్లాపురం జిల్లా శిడ్లఘట్ట పట్టు వ్యాపారాన్ని ఆధారంగా తీసుకుంటుంది. 2007లో కోలారు నుంచి విడిపోయి ఏర్పడిన ఈ జిల్లాలో బాగేపల్లి, చింతామణి, శిడ్లఘట్ట తాలూకాల్లో తెలుగు విస్తారంగా వినిపిస్తుంది. రామనగర తర్వాత రాష్ట్రంలో పెద్దదిగా పేరున్న ప్రభుత్వ పట్టుగూళ్ల మార్కెట్ శిడ్లఘట్టలో ఉంది. ఈ ఊరిని ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇలాంటి సాధనం ఎంత బాగా పనిచేస్తుందనేది అందులోని భాషా నమూనా నేర్పు కన్నా, సరిచూసుకోవడానికి దానికి అందే రిజిస్టర్ల మీద ఎక్కువగా ఆధారపడుతుంది. జీఎస్టీ రిజిస్టరులో పేరు ఉండాల్సిన అవసరమే లేని అమ్మకందారులు పెద్ద సంఖ్యలో ఉన్న పట్టు వ్యాపారంలో ఈ సంగతి తేటతెల్లమవుతుంది.

చరిత్ర

అప్పులవాళ్ల పేరిట విడి ఖాతాలు తెరిచే పద్ధతి జంట పద్దు విధానంతో పాటు వచ్చింది. 1494లో వెనిస్‌లో అచ్చయిన లూకా పాచోలీ గ్రంథం ఆ విధానాన్ని ముద్రణలో వివరించింది. ఒకే మనిషి రెండు ఖాతాల్లో ఉన్నాడా అన్న ప్రశ్నకు యంత్రంతో జవాబు వెతకడం 20వ శతాబ్దంలో మొదలైంది. పేర్లను ఉచ్చారణ పోలికతో గుంపులు చేసే సౌండెక్స్ పద్ధతికి 1918లో అమెరికాలో పేటెంటు వచ్చింది. ఒక పదాన్ని ఇంకో పదంగా మార్చడానికి ఎన్ని అక్షరాల మార్పులు కావాలో కొలిచే పద్ధతిని 1965లో రష్యన్ గణితజ్ఞుడు లెవెన్‌స్టైన్ ప్రతిపాదించాడు. రెండు రికార్డులు ఒకే వ్యక్తివి అయ్యే సంభావ్యతను లెక్కగట్టే సిద్ధాంతాన్ని 1969లో ఫెలెగి, సంటర్ ప్రచురించారు. నేటి సహాయకాల్లో ఒకరి పేరిటే ఉన్న రెండో ఖాతాను పట్టే భాగం ఈ పునాదుల మీదే నడుస్తోంది.

భారతదేశంలో చిన్న వ్యాపారాల లెక్కలు కంప్యూటరుకు ఎక్కడానికి 1986లో బెంగళూరులో గోయెంకా తండ్రీకొడుకులు ప్రారంభించిన సంస్థ, దాని టాలీ సాఫ్ట్‌వేర్ ముఖ్య కారణాలు. 2017 జూలై 1న జీఎస్టీ రావడంతో సరఫరాదారు ఖాతాకు పన్ను పరమైన బరువు పెరిగింది. అంతకుముందు పేరు, ఊరు ఉంటే సరిపోయిన ఖాతాకు ఇప్పుడు 15 అక్షరాల జీఎస్టీ నంబరు ప్రాణమైంది. 2020 అక్టోబరులో 500 కోట్ల రూపాయలు దాటిన టర్నోవర్ ఉన్న సంస్థలతో మొదలైన ఇ-ఇన్వాయిస్, 2023 ఆగస్టు నుంచి 5 కోట్లు దాటిన వారికీ వర్తించింది. దాంతో బిల్లు మీది క్యూఆర్ కోడ్ నుంచే అమ్మకందారు జీఎస్టీ నంబరు చదివే వీలు కలిగింది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక మామూలు మాటలతో సాఫ్ట్‌వేర్‌కు పని చెప్పడం అలవాటైంది. 2023లో మైక్రోసాఫ్ట్ డైనమిక్స్‌లో కోపైలట్, శాప్‌లో జూల్, ఇంట్యూట్‌లో అసిస్ట్ వచ్చాయి. భాషా నమూనాను బయటి సాఫ్ట్‌వేర్‌తో కలిపే ఉమ్మడి పద్ధతిగా మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ను ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబరులో ప్రకటించింది.

శిడ్లఘట్టలో సరఫరాదారుల తీరు

గూళ్ల నుంచి పట్టు తీసే శిడ్లఘట్ట రీలరు లెక్కల్లో సరఫరాదారులు మూడు తెగలుగా కనిపిస్తారు. మొదటి తెగ గూళ్లు అమ్మే రైతులు. 1959 నాటి కర్ణాటక పట్టుపురుగుల విత్తనం, గూళ్లు, పట్టు నూలు నియంత్రణ చట్టం ప్రకారం గూళ్ల క్రయవిక్రయాలు గుర్తింపు పొందిన మార్కెట్లలో, లైసెన్సున్న కొనుగోలుదారులతో జరగాలి. రైతు తెచ్చిన సరుకుకు లాట్ నంబరు పడుతుంది. వేలం, తూకం ఎలక్ట్రానిక్ పద్ధతిలో నడుస్తాయి, డబ్బు రైతు బ్యాంకు ఖాతాకు చేరుతుంది. సరిహద్దు అవతల ఆంధ్రప్రదేశ్ నుంచి కూడా రైతులు ఇక్కడికి గూళ్లు తెస్తారు. ఈ నెల ఒక రైతు లాట్ కొన్న రీలరు మళ్లీ అదే రైతు దగ్గర కొంటాడన్న హామీ లేదు. అందువల్ల కొనుగోళ్ల సంఖ్య కన్నా అమ్మకందారుల సంఖ్య పెద్దగా తగ్గదు. రెండో తెగ రీలింగుకు కావలసినవి అందించేవారు: కట్టెలు, నీటి ట్యాంకర్లు, బాయిలరు మరమ్మతు, కాటేజ్ బేసిన్, మల్టీ ఎండ్, ఆటోమేటిక్ రీలింగ్ యంత్రాల విడిభాగాలు. మూడో తెగ ఇతర రీలర్లు, ట్విస్టింగ్ యూనిట్లు, నూలు వ్యాపారులు.

పన్ను చట్టం ఈ మూడు తెగలనూ వేర్వేరుగా చూస్తుంది. రీలింగుకు పనికొచ్చే గూళ్ల మీద, పురి పెట్టని ముడిపట్టు మీద జీఎస్టీ లేదు. పన్ను లేని సరుకు మాత్రమే అమ్మేవారు రిజిస్టరు కానక్కరలేదు. పట్టు నూలు విషయంలో రివర్స్ చార్జ్ వర్తిస్తుంది. ముడిపట్టు నుంచి గాని, గూళ్ల నుంచి గాని నూలు తయారుచేసి అమ్మేవారి దగ్గర రిజిస్టరైన వ్యక్తి కొన్నప్పుడు పన్ను కట్టాల్సింది కొన్నవారే. తమ అమ్మకాలన్నీ ఇలా రివర్స్ చార్జ్ కిందికే వస్తే ఆ తయారీదారుకు రిజిస్ట్రేషన్ నుంచి 2017 నాటి నోటిఫికేషన్ మినహాయింపు ఇచ్చింది. అంటే గూళ్ల రైతుకే కాక, అతని తర్వాతి మెట్టు మీదున్న చాలామందికీ చట్టబద్ధంగానే జీఎస్టీ నంబరు లేకపోవచ్చు. ధర్మవరం, కంచి వంటి చోట్ల నుంచి వచ్చి శిడ్లఘట్టలో నూలు కొనే వ్యాపారి తన సాఫ్ట్‌వేర్‌లో అమ్మకందారు ఖాతా తెరిచేటప్పుడు ‘నంబరు లేదు’ అన్నదాన్ని లోపంగా గుర్తిస్తే తప్పు. రివర్స్ చార్జ్ గుర్తు పెట్టకపోతే ఇంకా పెద్ద తప్పు. అలాంటి కొనుగోలుకు కొన్నవారే తమ పేరిట ఇన్వాయిస్ రాసుకోవాలి. 2024 నవంబరు నుంచి దానికి 30 రోజుల గడువు కూడా ఉంది.

రకాలు

ఈ సహాయకాలను సమాచారం ఎక్కడి నుంచి తెచ్చుకుంటాయన్నదాన్ని బట్టి మూడు రకాలుగా విడదీయవచ్చు. మొదటి రకం రిజిస్టరు ఆధారితం. జీఎస్టీ నంబరు ఇస్తే పోర్టల్ నుంచి వ్యాపారం పేరు, చిరునామా, నంబరు చలామణిలో ఉందా రద్దయిందా అన్నది తెచ్చి ఖాతా నింపుతుంది. టాలీప్రైమ్ ఇటీవలి వెర్షన్లలో ఇలా నంబరు నుంచి లెడ్జర్ తెరవవచ్చు. ఇందులో కృత్రిమ మేధ పాత్ర దాదాపు లేదు, తప్పులూ తక్కువే. రెండో రకం పత్రం ఆధారితం. బిల్లు, పాస్‌బుక్కు మొదటి పేజీ, రద్దు చేసిన చెక్కు, మార్కెట్ స్లిప్ ఫొటోలను చదివి వివరాలు ఏరుతుంది. మూడో రకం సంభాషణ ఆధారితం. ‘చింతామణి కట్టెల వ్యాపారిని చేర్చు, పదిహేను రోజుల బాకీ’ అని చెబితే ఏ గడి నిండింది, ఏది మిగిలింది చూసి తక్కినవి అడుగుతుంది. ఒకే సాధనంలో ఈ మూడూ కలిసి ఉండవచ్చు. అయితే ఏ గడి విలువ ఏ మార్గంలో వచ్చిందో చూపించే సాధనాన్నే లెక్కల తనిఖీకి నమ్మవచ్చు. పోర్టల్ నుంచి వచ్చిన పేరుకూ, మసక ఫొటో నుంచి ఊహించిన పేరుకూ తెర మీద ఒకే రూపం ఉండడం ఈ రంగంలో తరచూ కనిపించే లోపం.

పనితీరు

పని నాలుగు దశల్లో సాగుతుంది. మొదటిది వెలికితీత: అక్షరాలను గుర్తించే ఓసీఆర్, బొమ్మను నేరుగా చదవగల భాషా నమూనా కలిసి పత్రంలోని వివరాలను ముందే నిర్ణయించిన గళ్లలోకి సర్దుతాయి. రెండోది రూప పరీక్ష. దీనికి భాషా నమూనా అక్కర్లేదు, మామూలు నియమాలు చాలు. జీఎస్టీ నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి: కర్ణాటకకు 29, ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36, తమిళనాడుకు 33. తర్వాతి పది పాన్ నంబరు. పదమూడోది ఆ రాష్ట్రంలో అదే పాన్ మీద ఎన్నో రిజిస్ట్రేషనో చెబుతుంది. చివరిది ముందున్న 14 అక్షరాల నుంచి లెక్కగట్టే తనిఖీ అక్షరం. పాన్‌లో నాలుగో అక్షరం వ్యక్తి అయితే పి, భాగస్వామ్య సంస్థ అయితే ఎఫ్, కంపెనీ అయితే సి. ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లో 11 అక్షరాలు ఉండి, అయిదోది సున్నా అవుతుంది. బ్యాంకు ఖాతా నంబరుకు మాత్రం అన్ని బ్యాంకులకూ ఒకటే అయిన తనిఖీ అంకె లేదు. ఒక అంకె తారుమారైనా రూప పరీక్షలో అది బయటపడకపోవచ్చు.

మూడో దశ పోలిక, అంటే ఈ సరఫరాదారు పాతవాడా కొత్తవాడా అని తేల్చడం. జీఎస్టీ నంబరు ఉన్నచోట ఇది తేలిక, అయినా పూర్తిగా యాంత్రికం కాదు. హిందూపురంలోనూ శిడ్లఘట్టలోనూ దుకాణాలున్న నూలు వ్యాపారికి 37తో మొదలయ్యేది ఒకటి, 29తో మొదలయ్యేది ఒకటి, రెండు జీఎస్టీ నంబర్లు ఉంటాయి. మధ్యలోని పాన్ మాత్రం ఒకటే. జీఎస్టీ దృష్టిలో ఆ రెండూ వేర్వేరు వ్యక్తులు. ఒక దాని మీద కేంద్ర, రాష్ట్ర పన్నులు, ఇంకో దాని మీద సమీకృత పన్ను పడవచ్చు. 2021 జూలైలో అమల్లోకి వచ్చిన కొనుగోలు టీడీఎస్ లెక్కకు మాత్రం అమ్మకందారు ఒక్కరే. ఏడాదిలో 50 లక్షల రూపాయల పరిమితిని రెండు దుకాణాల కొనుగోళ్లు కలిపి చూడాలి. కాబట్టి సరైన సాధనం రెండు ఖాతాలు తెరిచి, వాటిని పాన్ ద్వారా ముడిపెడుతుంది. రెంటినీ ఒకటిగా కలిపేసినా, సంబంధం లేనట్టు వదిలేసినా ఏదో ఒక చట్టం దగ్గర లెక్క తప్పుతుంది.

నంబరు లేనిచోట పోలిక పేరు మీద పడుతుంది. శిడ్లఘట్ట మార్కెట్లో ఒక పేరు కన్నడం, తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషుల మధ్య తిరుగుతుంది. వెంకటరెడ్డి అన్న పేరును ఇంగ్లీషులో ఒక మాటగానూ రెండు మాటలుగానూ రాస్తారు. ఇంటిపేరు లేదా ఊరి పేరు మొదటి అక్షరం పాస్‌బుక్కులో ముందు, ఆధార్‌లో వెనక ఉంటుంది. అక్షరాల తేడాను కొలిచే పద్ధతి వీటిని ఒకే మనిషిగా గుర్తించగలదు. కానీ ఒకే ఊళ్లో అదే పేరున్న ఇద్దరు రైతులను కూడా అది కలిపేస్తుంది. ఇంగ్లీషు ఇంటిపేర్ల కోసం పుట్టిన సౌండెక్స్ ఇక్కడ ఇంకా బలహీనం. తండ్రి పేరు, ఊరు, బ్యాంకు ఖాతా నంబరు కలిపి చూసినప్పుడే పోలిక నిలుస్తుంది. నాలుగో దశ ఆమోదం. సాధనం ముసాయిదా చూపుతుంది, మనిషి ఒప్పుకుంటాడు, ఖాతా తెరుచుకుంటుంది, ఎవరు ఎప్పుడు ఒప్పుకున్నారో చిట్టాలో నిలుస్తుంది. కంపెనీలు వాడే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో మార్పుల చిట్టా 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి. సొంత వ్యాపారంగా నడిచే రీలింగు యూనిట్లకు ఈ నిబంధన వర్తించదు గాని, వివాదం వచ్చినప్పుడు ఆ చిట్టా అంతే అక్కరకొస్తుంది.

ప్రమాదాలు, భద్రత

సరఫరాదారు ఖాతాలో అత్యంత సున్నితమైన గడి బ్యాంకు ఖాతా నంబరు. నెఫ్ట్, ఆర్‌టీజీఎస్ చెల్లింపుల్లో డబ్బు జమ చేయడానికి బ్యాంకులు చాలాకాలం ఖాతా నంబరునే ఆధారంగా తీసుకున్నాయి. పేరు సరిపోవాలన్న నియమం లేదు. పంపే ముందు ఖాతాదారు పేరు చూసుకునే సౌకర్యాన్ని 2025 ఏప్రిల్ 1 నాటికి కల్పించాలని రిజర్వు బ్యాంకు 2024 డిసెంబరులో బ్యాంకులను ఆదేశించింది. ఈ గడి మీద జరిగే మోసాలకు ప్రపంచమంతా తెలిసిన ఉదాహరణ ఎవాల్దాస్ రిమసౌస్కస్ కేసు. తైవాన్‌కు చెందిన క్వాంటా కంప్యూటర్ పేరుతోనే ఇంకో దేశంలో కంపెనీ పెట్టి, నకిలీ బిల్లులతో 2013, 2015 మధ్య గూగుల్, ఫేస్‌బుక్ సంస్థల నుంచి 10 కోట్ల డాలర్లకు పైగా తన ఖాతాలకు రప్పించుకున్నాడు. 2019లో అమెరికా కోర్టు అతనికి అయిదేళ్ల జైలుశిక్ష వేసింది. అక్కడ సరఫరాదారు పేరు నిజమే, సంబంధమూ నిజమే, బిల్లు, ఖాతా అబద్ధం. పత్రాన్ని చక్కగా చదివే సహాయకం ఆ అబద్ధాన్ని కూడా అంతే చక్కగా చదివి నింపుతుంది.

భాషా నమూనాలతో ఇంకో ప్రమాదం కొత్తగా వచ్చింది. బిల్లులోనో ఇమెయిల్‌లోనో ‘పాత ఖాతా తీసేసి ఈ ఖాతా పెట్టు’ అని కనపడకుండా రాసిన వాక్యాన్ని నమూనా ఆదేశంగా పొరబడవచ్చు. అందుకే పత్రంలోని మాట సమాచారంగానే ఉండాలి, ఆదేశం వాడుకరి నుంచే రావాలి అన్న హద్దును సాధనం నిర్మాణంలోనే పెట్టాలి. రైతుల బ్యాంకు వివరాలు వ్యక్తిగత సమాచారం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టానికి 2025 నవంబరులో నియమాలు వెలువడ్డాయి. వాటి ప్రకారం బాధ్యతలు దశలవారీగా అమల్లోకి వస్తాయి. లెడ్జరు తెరవడానికి ఆధార్ ప్రతి అవసరం లేదు. అవసరం లేనిదాన్ని అడగకుండా ఉండడం, ఫొటోలో కనిపించినా నిల్వ చేయకుండా వదిలేయడం మంచి సాధనం లక్షణం.

అభ్యంతరాలు, సమాధానాలు

మొదటి అభ్యంతరం: రూప పరీక్షకూ పోర్టల్ నుంచి తెచ్చుకోవడానికీ కృత్రిమ మేధ అక్కర్లేనప్పుడు నియమాలున్న మామూలు ఫారం చాలదా? జీఎస్టీ నంబరున్న సరఫరాదారుల వరకూ ఈ వాదన సరైనదే. అక్కడ భాషా నమూనా కలిపేది సౌకర్యం మాత్రమే. నంబరు లేని రైతు, కట్టెల వ్యాపారి, మరమ్మతు పనివాడు వచ్చినప్పుడు సమాచారం పలు భాషల్లో, చేతిరాతలో, ముక్కలుగా వస్తుంది. దాన్ని క్రమంలోకి తెచ్చే పని నియమాల ఫారం చేయలేదు. అయితే సాధనం అవసరం ఎక్కడ ఎక్కువో, దాని మాటను సరిచూసే ఆధారం అక్కడే తక్కువ. ఈ చిక్కును మెరుగైన నమూనా తీర్చలేదు, రెండో ఆధారం మాత్రమే తీర్చగలదు.

రెండో అభ్యంతరం: గూళ్ల మార్కెట్ దగ్గర రైతు వివరాలు, లాట్ వివరాలు, చెల్లింపు వివరాలు ఉండగా, రీలరు ఒక్కో రైతుకూ ఖాతా ఎందుకు తెరవాలి? వేలంలో కొన్న గూళ్లన్నీ ‘గూళ్ల మార్కెట్’ అన్న ఒకే ఖాతాలో రాస్తే సరిపోతుందని ఈ వాదన. మార్కెట్ ద్వారానే డబ్బు చెల్లి, ఏ రైతుకూ బాకీ మిగలని వ్యాపారంలో ఇది సమంజసమే. చాలా సందర్భాల్లో మంచి సాధనం ఇవ్వాల్సిన సలహా కూడా ఇదే: కొత్త ఖాతా వద్దు, లాట్ నంబరును బిల్లు వివరంగా రాయి. ఎన్ని కిలోల గూళ్లకు ఒక కిలో పట్టు వచ్చిందో తెలిపే రెండిట్టాను రైతువారీగా పోల్చదలచినవారికి మాత్రం రైతు గుర్తు కావాలి. అప్పుడు పేరు కన్నా మార్కెట్ రికార్డులోని గుర్తింపే నమ్మదగిన తాళంచెవి. ఆ వివరాన్ని రైతు సమ్మతితో, భద్రంగా లెక్కల సాఫ్ట్‌వేర్‌కు అందించే మార్గం ఉంటే, జీఎస్టీ పోర్టల్ వ్యాపారులకు చేసే మేలును మార్కెట్ రికార్డు రైతుల విషయంలో చేయగలదు.

మూడో అభ్యంతరం: మనిషి ఆమోదం తప్పనిసరి అయితే ఆదా అయిన సమయం ఎంత? అన్ని గళ్లనూ సమానంగా చూడమంటే నిజంగానే ఆదా ఉండదు, పైగా ప్రతిదానికీ ‘సరే’ నొక్కే అలవాటు పెరుగుతుంది. పోర్టల్ ధ్రువీకరించిన గళ్లను దాటేసి, పత్రం నుంచి ఊహించినవాటిని చూపి, బ్యాంకు ఖాతా మార్పు దగ్గర తప్పక ఆపే సాధనం మనిషి దృష్టిని అవసరమైన చోటికే తెస్తుంది. ఆ మార్పును కొత్త బిల్లులో ఉన్న నంబరుకు కాక, పాత రికార్డులో ఉన్న ఫోను నంబరుకు చేసి నిర్ధారించుకోవాలి. గుమాస్తా ఉద్యోగం పోతుందన్న భయానికీ ఇక్కడే కొంత జవాబుంది. టైపు చేసే పని తగ్గుతుంది, ఎవరిని నమ్మి డబ్బు పంపాలో తేల్చే బాధ్యత మిగులుతుంది. ఒక చిన్న యూనిట్‌లో ఈ రెండు పనులకూ వేర్వేరు మనుషులు ఉండరు కాబట్టి గుమాస్తా అవసరం మిగులుతుంది. టైపింగు మీదే బతికే డేటా ఎంట్రీ వారికి మాత్రం నష్టం తప్పకపోవచ్చు.

ప్రాముఖ్యం

సరఫరాదారు ఖాతాలో తప్పు ఒక్క చోట ఆగదు. తప్పు జీఎస్టీ నంబరుతో రాసిన కొనుగోలుకు ఇన్‌పుట్ క్రెడిట్ సరిపోలదు. అమ్మకందారుకు చిన్న పరిశ్రమగా ఉద్యమ్ నమోదు ఉన్నదీ లేనిదీ రాయకపోతే చెల్లింపు గడువు లెక్క తప్పుతుంది. 2006 నాటి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. ఆ గడువు దాటిన బాకీని ఖర్చుగా చూపడానికి చెల్లించిన ఏడాది దాకా ఆగాలన్న నిబంధనను 2023 ఆర్థిక చట్టం తెచ్చింది. కాబట్టి బాయిలరు తయారీదారు ఖాతాలో నిండని ఒక్క గడి ఏడాది చివర ఆదాయపు పన్ను దగ్గర తేలుతుంది.

శిడ్లఘట్ట ఉదాహరణ చూపే అంశం పట్టుకే పరిమితం కాదు. చింతామణి టమాటా, వేరుశనగ వ్యాపారంలోనూ, పన్ను పరిధిలోకి రాని ఉత్పత్తిదారుల నుంచి కొనే ప్రతి మండీలోనూ ఇదే పరిస్థితి. జీఎస్టీ నంబరు చుట్టూ అల్లిన సహాయకాలు పట్టణ వ్యాపారుల మధ్య లావాదేవీల్లో బాగా పనిచేస్తాయి. గ్రామీణ సరుకు మొదటి అమ్మకం దగ్గర తడబడతాయి. ఆ తడబాటును భాషా నమూనాల పరిమాణంతో కొలవడం వల్ల ప్రయోజనం తక్కువ. నంబరు లేని అమ్మకందారును చట్టం ఎలా చూస్తుందో సాధనానికి తెలియాలి, మార్కెట్ రికార్డు వంటి స్థానిక ఆధారం దానికి అందాలి, బ్యాంకు ఖాతా విషయంలో చివరి మాట మనిషిదిగా ఉండాలి. ఒక సాధనం ఈ వ్యాపారానికి తగినదా కాదా అన్నది తేల్చడానికి ఈ మూడింటినీ పరీక్షించడం మొదటి మెట్టు.